శనివారం ఎవరికి సెలవు?

ఏ నెలైనా మూడో శనివారం ఉదయం పదిన్నర దాటాక శ్రీకాకుళం వీధుల్లో ఒక చుట్టు తిరిగి వస్తే, ఒకే ఊళ్లో నాలుగైదు రకాల వారాలు నడుస్తున్న సంగతి తెలుస్తుంది. కలెక్టరేట్‌లో గుమాస్తాలు తమ కుర్చీల్లో ఉంటారు. జిల్లా కార్యాలయాలకు రెండో శనివారం ఒక్కటే సెలవు. బ్యాంకు కూడా తెరిచే ఉంటుంది; 2015 సెప్టెంబరు నుంచి వాటికి రెండో, నాలుగో శనివారాలు సెలవు, తక్కినవి పనిదినాలు. ఎల్‌ఐసీ శాఖకు మాత్రం తాళం వేసి ఉంటుంది. 2021 మే నుంచి అక్కడ వారానికి ఐదు రోజులే పని. వెలగపూడి సచివాలయంలోనూ అంతే. 2016లో హైదరాబాదు నుంచి తరలివచ్చిన ఉద్యోగులకు ఇచ్చిన ఐదు రోజుల వెసులుబాటును ప్రభుత్వం పొడిగిస్తూ వస్తోంది గనుక, ఒకే ప్రభుత్వంలో ఒకే హోదా గల ఇద్దరిలో ఒకరు శనివారం ఇంట్లో ఉంటారు, ఇంకొకరు ఫైలు ముందు ఉంటారు. జాతీయ రహదారి మీద పైడిభీమవరం వైపు సాగే కంపెనీ బస్సులకు శనివారమన్న భేదం లేదు. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే ఆడవాళ్లకైతే సరుకు వచ్చిన రోజు పని, రాని రోజు సెలవు. ఆ సెలవుకు కూలి ఉండదు.

వారానికి నాలుగు రోజుల పని గురించి పత్రికల్లోనూ టీవీల్లోనూ జరుగుతున్న చర్చ ఎక్కువగా ఈ శనివారాన్ని చూడకుండానే సాగుతోంది. ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు ఏర్పాట్లు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది, పనిగంటలు తగ్గి జీతం తగ్గకపోవడం. 40 గంటలు చేసేవాడు 32 గంటలు చేసి అదే జీతం తీసుకోవడం. రెండోది, గంటలు తగ్గకుండా రోజులు మాత్రమే తగ్గడం. 48 గంటలను ఆరు రోజులకు బదులు నాలుగు రోజుల్లోకి కుదించి రోజుకు 12 గంటలు చేయడం. మూడోది, రోజులతో పాటు డబ్బూ తగ్గడం. ఒకరు మొదటిదాన్ని మనసులో పెట్టుకుని పొగుడుతుంటే, ఇంకొకరు రెండోదాన్ని చూసి భయపడుతుంటారు. ఇద్దరూ నాలుగు రోజులనే అంటారు గనుక తాము ఒకే విషయం మాట్లాడుకుంటున్నామనుకుంటారు.

మూడో రకం మన జిల్లాలకు కొత్తదేమీ కాదు. నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం వంటి జనపనార మిల్లుల ఊళ్లలో, నార అందక ఒక షిఫ్టు ఎత్తేసినా, గేటుకు లాకౌట్ నోటీసు అంటించినా వారం దానంతటదే చిన్నదయ్యేది. పని లేదని మిల్లువాళ్లు వెనక్కి పంపే లేఆఫ్ రోజులకు మూలవేతనం, కరువుభత్యం కలిపిన మొత్తంలో సగం చెల్లించాలని పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది గాని, ఆ సగం దక్కాలంటే మస్తరులో, అంటే హాజరు పట్టీలో, పేరుండాలి, ఏడాది సర్వీసు నిండాలి. ఎవరో రాని రోజున వచ్చి వాళ్ల యంత్రం అందుకునే బదిలీ కార్మికుడికి అది వర్తించదు. అందుకే ఆ ఊళ్లలో పాతవాళ్ల చెవిన పనిరోజులు తగ్గుతాయట అన్న మాట వేస్తే సంబరపడేవారు కనిపించరు. ఎన్ని రోజుల కూలి పోతుందని అడుగుతారు.

ఏడు రోజులకు ఒకసారి విశ్రాంతి అన్న పద్ధతి కూడా పల్లెకు బయటి నుంచి వచ్చినదే. పల్లెకు సెలవంటే అమావాస్య. ఆ రోజు అరక కట్టరు, మేస్త్రి తాపీ పట్టడు, వడ్రంగి ఉలి ముట్టడు. ఇల్లు కట్టించుకునేవాళ్లు నేటికీ అమావాస్యను పని సాగని రోజుగానే లెక్క వేసుకుంటారు. కొండ ప్రాంతాల్లో సంత రోజు చుట్టూ వారం తిరుగుతుంది. ఇక కంబారికి ఏ సెలవూ ఉండేది కాదు. ఏడాదికి ఇంత ధాన్యమని ఒప్పుకుని ఒక ఇంట కుదిరిన మనిషికి కోడి కూసింది మొదలు పశువులకు రాత్రి మేత వేసేదాకా అంతా పనే. అతని శ్రమకు కొలత ఏడాది గాని గంట కాదు. గంటను కొలతగా తెచ్చినవి మిల్లులూ రైళ్లూ. గంట వచ్చాకనే గంటలు తగ్గించమని అడగడానికి వీలు చిక్కింది. 1862లో హౌరా రైల్వే కార్మికులు ఎనిమిది గంటల పని కోసం సమ్మె కట్టారు. మే డేకు మూలమైన షికాగో ఘటనకు అది 24 ఏళ్ల ముందు సంగతి. బొంబాయి మిల్లుల్లో నారాయణ్ మేఘాజీ లోఖండే కొన్నేళ్లు పోరాడిన మీదట 1890లో ఆదివారం సెలవు వచ్చింది. మనం అనాదిగా ఉన్నదనుకునే ఆదివారపు సెలవుకు, కార్మికుడి వైపు నుంచి చూస్తే, నిండా నూట యాభై ఏళ్ల వయసు లేదు.

చట్టంలో అంకెలు దిగివచ్చిన తీరు చూడదగినది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒడంబడికగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని నిర్ణయించింది. అందులోనే బ్రిటిష్ ఇండియాకు మాత్రం 60 గంటలని ప్రత్యేకంగా రాసుకున్నారు. ఆ ప్రకారం 1922 చట్టం వారానికి 60 గంటలు పెట్టింది. 1934 చట్టం దాన్ని 54కు దించి రోజుకు 10 గంటలు మించరాదంది. వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక వ్యవహారాలు అంబేడ్కర్ చూస్తున్న కాలంలో, 1946లో వచ్చిన సవరణ 48 గంటలను తెచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆ 48ని అలాగే ఉంచి రోజుకు 9 గంటల హద్దు గీసింది. అక్కడితో ఆగిపోయింది. పాతికేళ్లలో 60 నుంచి 48కి దిగిన అంకె, ఆ తర్వాత ఎనభై ఏళ్లలో ఒక్క గంట కూడా దిగలేదు. ఈలోగా చేత్తో తిప్పే వాల్వుల స్థానంలో కంప్యూటరు తెరలు వచ్చాయి, మనిషికి ఇంతని లెక్క వేస్తే ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగింది. ఆ పెరుగుదలలో కార్మికుడి వాటా డబ్బు రూపంలో ఎంత వచ్చిందన్నది వేరే చర్చ. కాలం రూపంలో మాత్రం ఏమీ రాలేదు.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. చట్టంలో గంటల అంకె రెండు పనులు చేయగలదు: అంతకు మించి చేయించరాదని నిషేధించడం ఒకటి, అంతకు మించితే అదనంగా చెల్లించమనడం మరొకటి. ఫ్రాన్సులో 35 గంటలే పని అని మనవాళ్లు ఆశ్చర్యంగా చెప్పుకుంటారు గాని, ఆ 35 అక్కడ నిషేధపు గీత కాదు, ఓవర్‌టైమ్ (ఓటీ) మొదలయ్యే గీత. అమెరికాలో 40 గంటలు కూడా అటువంటిదే. మన 48 ఈ రెండు పనులూ చేస్తుంది: అది దాటితే రెట్టింపు వేతనం ఇవ్వాలి, ఓటీ గంటలకు మళ్లీ ఒక పైహద్దు ఉంటుంది.

ఆ పైహద్దునే 2025లో మన రాష్ట్ర ప్రభుత్వం కదిపింది. ఫ్యాక్టరీల చట్టానికి తెచ్చిన సవరణలో రోజు పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచారు. విరామం ఇవ్వకుండా ఏకబిగిన పనిచేయించగల వ్యవధి 5 గంటల నుంచి 6కు, విరామాలతో కలుపుకొని కార్మికుణ్ణి పనిచోట ఉంచగల వ్యవధి పదిన్నర గంటల నుంచి 12కు, మూడు నెలల్లో చేయించగల ఓటీ 75 గంటల నుంచి 144కు పెరిగాయి. వారానికి 48 అన్నది మారలేదు. ఇది పెట్టుబడులకు అనువైన సర్దుబాటు అని ప్రభుత్వం చెప్పింది. పది గంటల పని తెచ్చారంటూ కార్మిక సంఘాలు రోడ్డెక్కాయి. నినాదాలను పక్కన పెట్టి లెక్క వేసుకుంటే రెండు దారులు కనిపిస్తాయి. రోజుకు 10 గంటల చొప్పున నాలుగు రోజులు, ఐదో రోజు 8 గంటలు చేస్తే 48 నిండుతాయి. అంటే ఇదే సవరణతో ఐదు రోజుల వారం సాధ్యం. అయితే అలా ఇచ్చి తీరాలని యజమానికి చట్టం ఎక్కడా చెప్పలేదు. రెండో దారిలో, మూడు నెలలంటే 13 వారాలు గనుక, 144 గంటల ఓటీని వాటికి పంచితే వారానికి 11 గంటలు పడతాయి. 48కి 11 కలిపితే 59. 1922 నాటి అంకెకు ఒక్క గంట తక్కువ.

ఈ రెండో దారికి అడ్డుకట్ట రెట్టింపు వేతనం ఒక్కటే. పదకొండు గంటలకు ఇరవై రెండు గంటల కూలి నిజంగా ఇవ్వాల్సి వస్తే, ఏ యజమాని అయినా ఇంకొక మనిషిని పెట్టుకోవడమే మేలనుకుంటాడు. అదే ఓటీని మామూలు రేటుకు, లేదా మరుసటి రోజు గంట ముందు వదిలేయడం కింద సర్దేసే చోట ఆ కట్ట తెగినట్టే. 2025 నవంబరు 21న ఫ్యాక్టరీల చట్టంతో సహా 29 పాత చట్టాల స్థానంలో నాలుగు కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) అమల్లోకి వచ్చినా ఓటీకి రెట్టింపు అన్న సూత్రం కొనసాగింది. వారానికి 48 గంటల హద్దులోనే రోజుకు 12 గంటల చొప్పున నాలుగు రోజులు పనిచేసి, మిగిలిన మూడు రోజులూ వేతనంతో కూడిన సెలవుగా తీసుకునే వీలుంటుందని కేంద్ర కార్మిక శాఖ వివరించింది. నాలుగు రోజుల వారం వచ్చేసిందని మనవాళ్ల వాట్సాప్‌లో తిరిగింది దీని గురించే. ఇది ఇందాక చెప్పుకున్న రెండో రకం. రోజులు కుదించడమే గాని గంట కూడా తగ్గించడం కాదు. బెల్జియం 2022లో తెచ్చిన నాలుగు రోజుల వారమూ ఈ రకమే. అక్కడ కుదించేది 38 గంటలను, ఇక్కడ 48ని.

కుదిస్తే ఏమవుతుందో ఒక్క మనిషి రోజును దగ్గర్నుంచి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. విజయనగరంలో మా వీధి చివరి ఇంటి కుర్రాడు పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు కింద పనిచేస్తాడు. ఉదయం షిఫ్టు ఆరింటికి. కంపెనీ బస్సు మా జంక్షన్‌కు నాలుగూ ముప్పావుకే వచ్చేస్తుంది. అది ఊరంతా తిరిగి, దారిలో మరికొందరిని ఎక్కించుకుని వెళ్లాలి. వాళ్లమ్మ నాలుగింటికి ముందే లేచి కేరేజీ కడుతుంది. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు ముగిసినా, రిలీవర్‌కు రీడింగులు అప్పజెప్పి, బట్టలు మార్చుకుని, బస్సు నిండేదాకా ఆగి ఇంటికి చేరేసరికి మూడున్నర. చట్టం లెక్కలో 8 గంటలు, ఇంటి లెక్కలో పావు తక్కువ పదకొండు. రోజుకు రెండు గంటల ముప్పావు చొప్పున ఆరు రోజుల్లో పదహారున్నర గంటలు బస్సుకూ గేటుకూ పోతున్నాయి, వాటికి కూలి లేదు. అదే 12 గంటల షిఫ్టుతో నాలుగు రోజులైతే ఆ ఖర్చు 11 గంటలకు దిగుతుంది. వారంలో ఐదున్నర గంటలు అతనికి మిగులుతాయి, మూడు రోజులు ఇంట్లో ఉంటాడు. కాని ఆ నాలుగు రోజులూ పావు తక్కువ పదిహేను గంటలు బయటే. ఇదంతా కాగితం మీద వేసి చూపిస్తే అతను కాసేపు చూసి, "నాలుగ్రోజులైతే మంచిదే అన్నా, గాని పన్నెండో గంటలో వాల్వు కాడ నిలబడీది నేనే కదా" అన్నాడు.

అతని మాటలో బరువుంది. ద్రావణులతో, వేడి రియాక్టర్లతో చేసే పనిలో చివరి గంటల అలసట ఉత్పత్తిని తగ్గించడంతో ఆగదు, పొరపాటుకు తావిస్తుంది. షిఫ్టు సాగుతున్నకొద్దీ, అందులోనూ ఎనిమిది తొమ్మిది గంటలు దాటాక, ప్రమాదాల అవకాశం పెరుగుతుందని షిఫ్టు పనుల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. గంటలను కుదించే పద్ధతి కాగితాల పనికి సరిపోయినంతగా రసాయనాల పనికి సరిపోదు. మందుల కంపెనీల విషయంలో అసలు గంటలనే తగ్గించడం గురించి ఆలోచించాలి, దానికీ ఒక లెక్క ఉంది. రాత్రింబవళ్లు ఆగకుండా నడిచే ప్లాంటుకు వారానికి 168 గంటలు మనిషి కావాలి. మూడు బృందాలతో నడిపితే ఒక్కొక్కరికి 56 గంటలు పడతాయి, అంటే ప్రతి వారం 8 గంటల ఓటీ. నాలుగు బృందాలు పెడితే సరిగ్గా 42. మన 48 ఈ రెంటికీ మధ్య, మూడున్నర బృందాల దగ్గర చిక్కుకుని ఉంది. ఆ సగం బృందాన్నే రిలీవర్లతోనూ డబుల్ డ్యూటీలతోనూ పూడుస్తుంటారు. నాలుగో బృందాన్ని పూర్తిగా పెట్టుకుంటే వారానికి 42 గంటలు ఊహ కాదు, షిఫ్టు చార్టులో ఒక వరుస. దాని ఖర్చు అదనపు జీతాలు. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నదే అసలు తగవు.

విదేశాల్లో జరిగిన ప్రయోగాలను ఈ తగవుకు తీర్పుగా చూపడం తొందరపాటు. బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి డిసెంబరు వరకు 61 సంస్థల్లో సుమారు 2,900 మంది జీతం తగ్గకుండా తక్కువ గంటలు పనిచేసి చూశారు. ప్రయోగం ముగిశాక 56 సంస్థలు దాన్ని కొనసాగిస్తామన్నాయి. ఫలితం మంచిదే, కాని ఆ సంస్థలు తమంతట తాము ముందుకొచ్చినవి, వాటిలో ఎక్కువ భాగం కుర్చీలో కూర్చుని చేసే పనులవి. అటువంటి చోట మీటింగులు తగ్గించి, అనవసరపు మెయిళ్లు ఆపి, ఐదో రోజును సంపాదించుకోవచ్చు. నూలు వడికే యంత్రానికి మీటింగులు లేవు, తగ్గించడానికి. ఐస్‌లాండ్ 2015, 2019 మధ్య సుమారు 2,500 మంది ప్రభుత్వ ఉద్యోగులతో చేసిన ప్రయోగాలు మనకు మరింత దగ్గర. అక్కడ వారానికి 40 గంటలను 35, 36కు తగ్గించారు, నాలుగు రోజుల వారమని ఊదరగొట్టలేదు. ఆ తర్వాత దేశమంతటా గంటలు తగ్గించినప్పుడు ఆస్పత్రుల వంటి షిఫ్టు పనుల చోట కొత్తవారిని తీసుకోక తప్పలేదు, ఖర్చు పెరిగింది. దాన్ని ప్రభుత్వం భరించింది. కాగితాల పనిలో కాలాన్ని పొదుపు చేయవచ్చు, మనిషి నిలబడి ఉండవలసిన పనిలో కాలాన్ని కొనాలి. ఈ తేడాను ఒప్పుకున్న చర్చ మన దగ్గర ఇంకా మొదలు కాలేదు.

అటువైపు నుంచి, వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి, 90 గంటలు చేయాలని 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ అన్న మాటలు పెద్ద రచ్చ అయ్యాయి. నైతిక చర్చకు పోనక్కరలేదు, లెక్కే చాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో పనిచేసిన ఆడవాళ్ల ఉత్పత్తి వివరాలను ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ 2014లో తిరగేసి చూస్తే, వారానికి సుమారు 50 గంటలు దాటాక గంటకు వచ్చే ఫలితం పడిపోయిందనీ, 70 గంటలు చేసిన వారంలో వచ్చిన సరుకు 56 గంటలు చేసిన వారంలో వచ్చినదానికి పెద్దగా మించలేదనీ తేలింది. పైపెచ్చు ఆ 14 గంటలు ఊరికే పోవు. వారానికి 55 గంటలు గాని అంతకు మించి గాని పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు చేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రకటించాయి. మన దేశంలో పనిచేసేవారిలో సగానికి పైగా ఇప్పటికే వారానికి 49 గంటలు గాని అంతకు మించి గాని చేస్తున్నారని ఆ కార్మిక సంస్థ లెక్కలే చెబుతున్నాయి. ఇంకా ఎక్కువ చేయమని ఎవరికి చెబుతున్నట్టు?

ఇంతవరకు చెప్పుకున్నది గంట లెక్క ఉన్నవారి సంగతి. పలాస, కాశీబుగ్గల్లో జీడి పరిశ్రమ మీద బతికే ఆడవాళ్లలో ఎక్కువమందికి ఆ లెక్క లేదు. ఉడికించిన పిక్కను కోసే చోట జీడిరసం చేతులకు అంటితే చర్మం బొబ్బలెక్కి నల్లబడుతుంది గనుక బూడిదో నూనో రాసుకుని కూర్చుంటారు. ఎండబెట్టిన పప్పు మీది పొట్టును చిన్న కత్తితో, గోటితో తీసే పని వేరే వాళ్లది. పప్పు విరగకూడదు, విరగని పప్పుకూ బద్దకూ ముక్కకూ బజారులో ధర వేరు. గింజ పరిమాణాన్ని పౌనుకు ఎన్ని పప్పులు తూగుతాయన్న అంకెతో పిలుస్తారు, 240 రకం, 320 రకం అని. అంకె పెరిగినకొద్దీ గింజ చిన్నది, కిలో నిండాలంటే తీయవలసిన పొట్టు ఎక్కువ. కూలి కిలోకు. ఒకామెను వారానికి నాలుగు రోజుల పని గురించి అడిగితే చేతిలో కత్తి ఆపకుండానే, "నాలుగు రోజులే పనైతే, ఆ మిగిల్న మూడ్రోజులు కడుపు ఊరుకుంటాదేటి బావూ" అంది.

ఆమెను ఎవరూ ఎనిమిది గంటలు కూర్చోమనలేదు. పది కిలోలు నాలుగు గంటల్లో తీసి వెళ్లిపోయినా అడిగేవారు లేరు. కాగితం మీద చూస్తే ఫలితానికే డబ్బు, గంటలు మీ ఇష్టం అన్న ఈ పద్ధతి, పెద్ద నగరాల్లో సాఫ్ట్‌వేరు ఉద్యోగులు కోరుకునే స్వేచ్ఛ లాంటిదే. తేడా అంతా కిలో రేటులో ఉంది. రోజంతా వంగి కూర్చుంటే తప్ప ఇల్లు గడవని విధంగా రేటు ఉన్నప్పుడు గంటల స్వేచ్ఛకు అర్థం లేదు. ముక్క లెక్క కూలికి పనిగంటల సంస్కరణ అంటే రేటు పెంచడమే. రేటును తాకకుండా ఆమె వారాన్ని చట్టం ఏ అంకెతోనూ తగ్గించజాలదు.

ఉపాధి హామీ పనిలో దీనికి సరిగ్గా తిరగేసిన కథ నడిచింది. మన పల్లెల్లో ఎండాకాలం తెల్లవారుజామునే గునపాలు, తట్టలు పట్టుకుని చెరువు పనికి వెళ్లి, ఇచ్చిన కొలత తవ్వేసి, ఎండ ముదరకముందే ఇంటికి వచ్చేయడం ఏళ్ల తరబడి అలవాటు. కూలి కొలతను బట్టి గనుక అది న్యాయమే, ఎండను బట్టి తెలివైన పని కూడా. 2023 జనవరి నుంచి పనిచోట రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. రెండు ఫొటోలకూ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. దొంగ హాజర్లు అరికట్టడం దాని ఉద్దేశం. ఫలితంగా కొలత ముగించినవాళ్లు రెండో ఫొటో కోసం తుమ్మచెట్టు నీడలో ఎదురుచూడవలసి వచ్చింది. కొలతకు కూలి ఇస్తూ గంటకు కాపలా పెట్టడమన్నమాట. 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో 125 రోజుల కొత్త చట్టం వచ్చినా, కొలతనా గంటనా దేన్ని నమ్మాలన్న సందేహం మాత్రం పాతదే.

ఎండ సంగతి ఎత్తాం గనుక ఒక మాట. వేడి వల్ల 1995లో భారతదేశం పనిగంటల్లో 4.3 శాతం కోల్పోయిందనీ, 2030కి అది 5.8 శాతానికి, అంటే 3.4 కోట్ల పూర్తికాలపు ఉద్యోగాలంత నష్టానికి చేరుతుందనీ అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా వేసింది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు ఇదీ కారణమని తేలకపోయినా, మధ్య అమెరికా చెరకు తోటల్లో అటువంటి జబ్బునే ఎండలో విరామం లేని శ్రమతో ముడిపెట్టి చూస్తున్నారు. అక్కడ నీడ, నీళ్లు, విరామం కార్మికుడి హక్కులుగా పనివేళల్లోకి చేరుతున్నాయి. విరామం లేకుండా చేయించగల వ్యవధిని 5 నుంచి 6 గంటలకు పెంచిన నిబంధనను వైశాఖమాసపు మధ్యాహ్నం వేళ ఒకసారి చదివి చూడాలి. వారానికి ఎన్ని రోజులన్నదాని కంటే రోజులో ఏ గంటలన్నది ఈ ప్రాంతానికి పెద్ద ప్రశ్న కావచ్చు.

పనివేళల చర్చలో ఇంటిపని కనబడదు. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మా వీధి కుర్రాడి 12 గంటల షిఫ్టు వాళ్లమ్మ నాలుగింటి లేవడం మీద నిలబడుతుంది. అదే షిఫ్టులో ఒక ఆడమనిషి ఉంటే ఆమెకు కేరేజీ కట్టేవారెవరు? కుదించిన వారం, ఇంట్లో ఇంకొకరు వంట చేసేవాళ్లకు కుదిరినట్టు ఆమెకు కుదరదు. ఆమెకు రోజు చిన్నదవ్వాలి. వారం చిన్నదైతే మూడు రోజుల ఇంటిపని పోగుపడడం తప్ప మరేమీ ఉండదు. రాత్రి షిఫ్టుల్లో స్త్రీలకు అనుమతినిచ్చిన సవరణలు రవాణా, రక్షణ గురించి రాశాయి. తెల్లారాక ఇంట్లో ఎదురుచూసే పని గురించి ఏ చట్టమూ రాయలేదు, రాయజాలదు కూడా.

జిల్లా కార్యాలయాలకు ఐదు రోజుల వారం ఇవ్వడం వీటన్నిటికంటే సులువు, ఏదో ఒకనాటికి ఇస్తారు కూడా. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు 1985లోనే ఆ దారి పట్టాయి. రోజుకు 40 నిమిషాలు అదనంగా పనిచేసి అన్ని శనివారాలూ సెలవు తీసుకుంటామని బ్యాంకు ఉద్యోగుల సంఘాలు యాజమాన్యాలతో ఒప్పందానికి వచ్చి కేంద్రం ఆమోదం కోసం పట్టుబడుతున్నాయి. గుమాస్తా శనివారాన్ని నేను తప్పుపట్టను. అయితే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల వరుసలో నిలబడేవారిని చూస్తే ఒకటి తోస్తుంది: అక్కడికి మందస నుంచో కొత్తూరు నుంచో వచ్చిన మనిషి ఆ రోజు కూలి వదులుకుని వచ్చాడు. కార్యాలయం ఒక రోజు మూసినప్పుడు ఆ రోజు పనిని సాయంత్రం పొడిగింపుతో పూడ్చితే, కూలి మానకుండా ఐదు దాటాక వచ్చే వీలు అతనికి దొరుకుతుంది. ఊరికే మూస్తే, ఒకరి సెలవుకు ఇంకొకరి కూలి చెల్లినట్టవుతుంది.

ఇక మిగిలింది 26. మన వేతన లెక్కలన్నిటికీ ఇరుసు ఈ అంకె. నెలకు నాలుగు ఆదివారాలు పోను 26 రోజులు. నెల జీతాన్ని రోజు కూలిగా మార్చాలంటే 26తో భాగిస్తారు, గ్రాట్యుటీ సూత్రంలో 15/26 అని ఉండేదీ ఇదే. ఆరు రోజుల వారం ఆ అంకెలో దాగి ఉంది. నాలుగు రోజుల వారం తెచ్చి, భాగించే అంకెను మాత్రం 26గానే ఉంచితే, నెలకు 17 రోజులు పనికి వచ్చినవాడికి కాంట్రాక్టరు ఏం లెక్క కడతాడో చెప్పనక్కరలేదు. మా వీధి కుర్రాడు నెలను తేదీలతో లెక్కపెట్టడు, డ్యూటీలతో లెక్కపెడతాడు. ఈ నెల ఇరవై ఆరు పడ్డాయి, రెండు డబుల్ అంటాడు. మొదట మారవలసింది అతని చేతి చీటీలోని ఈ విభాజకం. ఆ చీటీ అసలు చేతికి ఇవ్వడం అంతకంటే ముందు.

మొన్న అతని వీక్లీ ఆఫ్ బుధవారం పడింది. ఉదయం ఏడింటికి ఆర్టీసీ కాంప్లెక్సు బయట వాళ్ల బావ ఆటోలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సీటు తుడుస్తూ, "గంటస్తంభం కాడికేనా అన్నా, రా ఎక్కు" అన్నాడు.